డాలస్ దూ దగ్గర మా నాన్నగారు

డాలస్ అనగానే మనవాళ్ళకి టెక్సాసే గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది ఆ డాలస్ గురించి కాదు. స్కాట్లాండ్ ఈశాన్యాన మోరే అనే ప్రాంతంలో డాలస్ అని ఒక పల్లెటూరు ఉంది. దానికి కొన్ని మైళ్ళ దూరంలో, ఫారెస్ పట్నానికి దక్షిణాన, పొలాల మధ్య ఒక చిన్న విస్కీ డిస్టిలరీ ఉంది. పేరు డాలస్ దూ. 1899 జూన్ 3న మొదటి పీపా నింపారు, 1983 మార్చి 16న ఆఖరి పీపా నింపారు. ఆ తర్వాత అక్కడ చుక్క కాయలేదు.

మా ఆయన ఉద్యోగం వల్ల మేం ఎల్గిన్‌లో చాలా ఏళ్ళు ఉన్నాం. ఫారెస్ అక్కడికి ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో. ఆ చుట్టుపక్కల ఏ రోడ్డున పడ్డా కాసేపటికి ఒక డిస్టిలరీ తగులుతుంది. ఇండియా నుంచి ఎవరొచ్చినా చూపించమని అడిగేది అవే. పేరున్న పెద్దవాటికి తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ గైడ్ వెంట గుంపుగా నడవాలి, ఫలానా గదిలో ఫోటో తియ్యకూడదంటారు, చివర్లో షాపులోకి వదులుతారు. డాలస్ దూలో ఆ బాధ ఉండేది కాదు. మూతబడ్డాక దాన్ని ప్రభుత్వ పురావస్తు శాఖ లాంటి సంస్థ (తర్వాత దాని పేరు హిస్టారిక్ స్కాట్లాండ్ అయింది) తీసుకుని, 1988లో మ్యూజియంగా తెరిచింది. టిక్కెట్టు కొనుక్కుని ఎంతసేపైనా తిరిగేవాళ్ళం. తొట్టిలోకి తొంగి చూసేవాళ్ళం, బట్టీ మీద చెయ్యి పెట్టేవాళ్ళం. వేడిగా ఉండదు కాబట్టి ఎవరూ వద్దనేవారు కాదు.

మా ఇంట్లో తాగుడు లేదు. మా ఆయనా అంతే. అలాంటి మేం పని గట్టుకుని ఒక మూతబడ్డ విస్కీ ఫ్యాక్టరీకి పదేపదే వెళ్ళడానికి కారణం మా నాన్నగారు.

ఆయన మండపేట దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పనికి చేరి, ఫిట్టరై, అక్కడే రిటైరయ్యారు. వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు కోటలూ చర్చిలూ తిప్పాం. "బావుందమ్మా, బావుంది" అనేవారు కానీ మనసు పెట్టేవారు కాదు. ఒక ఆదివారం, ఎక్కడికెళ్ళాలో తోచక ఫారెస్ వైపు వెళ్ళి డాలస్ దూ దగ్గర కారు ఆపాం. లోపల అడుగు పెట్టగానే ఆయన చూపు పైన దూలాల దగ్గరున్న షాఫ్టు మీదికి పోయింది. "అమ్మాయ్, ఈ బెల్టు ఎటునుంచి వస్తోందో చూడు" అంటూ నన్ను వదిలేసి ముందుకు నడిచారు. ఆ రోజు మమ్మల్ని మ్యూజియం మూసే వేళకి సిబ్బంది వచ్చి పిలవాల్సొచ్చింది.

డాలస్ దూ పుట్టిన కాలం చెప్పాలి. 1890లు స్కాచ్ విస్కీకి మహా జోరుగా నడిచిన రోజులు. అంతకుముందు ఫ్రాన్స్ ద్రాక్షతోటలకి ఫిలోక్సెరా అనే పురుగు పట్టి బ్రాందీ కరువైపోయింది. బ్రాందీ తాగే ఇంగ్లండ్ పెద్దమనుషులు విస్కీకి మళ్ళారు. డిమాండు పెరిగేసరికి మోరేలో వరసగా డిస్టిలరీలు లేచాయి. ఫారెస్ దగ్గర భూములున్న అలెగ్జాండర్ ఎడ్వర్డ్ అనే వ్యాపారి 1898లో ఈ డిస్టిలరీ తలపెట్టాడు. ప్లాను గీసింది ఎల్గిన్‌కి చెందిన చార్లెస్ డోయిగ్. స్కాట్లాండ్‌లో డిస్టిలరీ అంటే ఇవాళ అందరి కళ్ళ ముందు మెదిలే పగోడా కప్పు ఆయన సృష్టే. 1889లో డాల్యువేన్ అనే డిస్టిలరీకి మొదటిసారి పెట్టాడు. అందం కోసం పెట్టింది కాదు. కింద బార్లీ ఆరబెట్టే కొలిమి పొగ చక్కగా పైకి లాగడానికి పెట్టిన గొట్టం. నాన్నగారు దాన్ని చూసి "డ్రాఫ్టు బాగా లాగుతుంది" అన్నారు. బోర్డు మీద ఏం రాసుందో ఆయనకి అక్కర్లేదు.

కట్టడం పూర్తికాకముందే ఎడ్వర్డ్ దాన్ని గ్లాస్గోలోని రైట్ అండ్ గ్రెగ్ కంపెనీకి అప్పగించాడు. వాళ్ళకి రోడరిక్ దూ అనే పేరున్న బ్లెండు, అంటే రకరకాల విస్కీలు కలిపి చేసిన సరుకు, ఉండేది. ముందు డాలస్‌మోర్ అనుకున్న డిస్టిలరీకి ఆ బ్లెండుకి జతగా డాలస్ దూ అని పేరు పెట్టారు. అంతా శుభమే అనుకుంటుండగా 1898 డిసెంబరులో పిడుగు పడింది. లీత్‌లో పాటిసన్ సోదరులని విస్కీ వ్యాపారంలో అప్పటికి పెద్ద పేరు. అప్పు మీద అప్పు చేసి, దొంగ లెక్కలు రాసి, ప్రకటనలకి నీళ్ళలా డబ్బు పోసేవారు. "పాటిసన్ విస్కీ కొనండి" అని పలికే 500 చిలకల్ని పబ్బులకి పంచిపెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కంపెనీ చెల్లింపులు ఆపేసేసరికి దాన్ని నమ్ముకున్న చిన్నాచితకా వ్యాపారులు వరసగా మునిగారు. అన్నదమ్ములిద్దరూ 1901లో జైలుకి వెళ్ళారు. డాలస్ దూ మొదటి పీపా నిండింది ఆ దెబ్బ పడిన ఆరు నెలలకి. అంటే మార్కెట్టు కుప్పకూలాక పుట్టిన డిస్టిలరీ ఇది. అయినా నిలబడింది. నాకు దాని మీద అభిమానం కలగడానికి అదొక కారణం.

ఆ తర్వాత చేతులు మారింది. 1921లో బెన్‌మోర్ డిస్టిలరీస్ వాళ్ళు కొన్నారు. 1929లో వాళ్ళతో సహా డీసీఎల్ అనే పెద్ద కంపెనీలోకి పోయింది. కొన్నేళ్ళు మూసేసి 1936లో మళ్ళీ తెరిచారు. 1939 ఏప్రిల్‌లో బట్టీల గది తగలబడింది. బాగుచేసేసరికి యుద్ధం. బార్లీ తిండికే చాలని రోజులు. 1947లో గానీ మళ్ళీ కాయలేదు. ఇంత చిన్న చోటు ఎన్నిసార్లు ఆగి ఎన్నిసార్లు మొదలైందో తల్చుకుంటే, 1983లో మూసినప్పుడు అక్కడి పనివాళ్ళు ఇదీ అలాంటిదే, మళ్ళీ పిలుస్తారు అనుకునే ఉంటారని నాకనిపిస్తుంది.

లోపలికి వెళ్తే మొదట బార్లీ అటక, దాని పక్కన మొలక నేల. బార్లీని రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టి, రాతి నేల మీద జానెడు మందాన పరిచి, వారం పది రోజులు మొలకెత్తనిస్తారు. మొలకెత్తే గింజ వేడెక్కుతుంది. వదిలేస్తే వేర్లు ఒకదానికొకటి అల్లుకుని చాపలా గట్టిపడిపోతుంది. అందుకని చెక్క పారలతో రాత్రీ పగలూ తిరగేస్తూ ఉండాలి. అక్కడ గోడకి ఆనించి ఉన్న పారని నాన్నగారు చేతిలోకి తీసుకున్నారు. పిడి పట్టుకునే చోట నునుపుగా అరిగి, మిగతా కర్ర కంటే నల్లగా ఉంది. ఆయన కుడిచెయ్యి కిందికి, ఎడమచెయ్యి పైకి సర్దుకుని, లేని బార్లీని ఒకసారి ఎత్తి వెనక్కి విసిరారు. "ఎడమచేతి వాటం వాడిది ఇది" అన్నారు. నేను నమ్మలేదు. ఆయనే నా చేతికి ఇచ్చి, అరుగుదల ఎటువైపు ఉందో వేలు పెట్టి చూపించారు. నిజమే.

మా మిల్లులో కూడా వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, కళ్ళంలో ఆరబోసి పలకలతో తిరగేసేవారు. నాన్నగారికి గింజ నానితే ఎంత బరువెక్కుతుందో, తడి గింజ ఎంతసేపట్లో వాసన మారుతుందో తెలుసు. ఇక్కడ మాత్రం మొలక రానివ్వడమే పని. వడ్లు మొలకెత్తితే మిల్లులో మేస్త్రీకి చివాట్లు. బార్లీ మొలకెత్తకపోతే ఇక్కడ చివాట్లు. ఆ తేడా ఆయనకి తెగ నచ్చింది. మొలక ఎందుకు కావాలని అడిగారు. గింజలోని పిండి మొలకెత్తేటప్పుడు చక్కెరగా మారే వీలు వస్తుందని, ఆ చక్కెర పులిస్తేనే ఊట అవుతుందని చెప్పాను. "అయితే మన రాగిమాల్టే కదా" అన్నారు. అవును, ఆ మాల్టే ఈ మాల్టు.

మొలక సరిగ్గా వచ్చాక ఆపాలి. దానికే కొలిమి. పైన చిల్లుల నేల మీద బార్లీ పరుస్తారు, కింద నిప్పు వేస్తారు. పీట్ అని, చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న నాచు మట్టిని ఇటుకల్లా కోసి ఎండబెట్టిన వంటచెరకు ఉంటుంది. దాని పొగ వాసన గింజకి పట్టి విస్కీలోకి వస్తుంది. డాలస్ దూలో నేల మీద మొలకెత్తించడం 1968లో ఆపేశారు. అప్పటి నుంచి మాల్టు బయటి నుంచే వచ్చేది. అంటే డిస్టిలరీ బతికుండగానే ఆ పారలకి పని పోయింది. మా నాన్నగారు పట్టుకున్న పార ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో లెక్కేసుకుని ఆయన కాసేపు మాట్లాడలేదు.

తర్వాతి గదులు నేను త్వరగా చెప్పేస్తాను. మరలో మాల్టుని రవ్వలా ఆడతారు. పెద్ద ఇనప తొట్టిలో వేడినీళ్ళు కలుపుతారు. అరవై నాలుగు డిగ్రీల దగ్గర ఉండాలి, అంతకంటే వేడెక్కితే చక్కెర సరిగా తయారవదు. తియ్యటి రసం దిగాక మిగిలే పిప్పి ఆవులకి వెళ్తుంది. రసాన్ని చెక్క తొట్లలో ఈస్టు వేసి రెండు మూడు రోజులు పులియబెడతారు. అది దాదాపు బీరంత ఘాటు ఉండే ఊట. తొట్లు ఖాళీ అయ్యి ఎన్నేళ్ళైనా, మూత తెరిచి తల వంచితే చెక్కలో ఏదో పుల్లటి వాసన నాకు తగిలేది. మా ఆయన అదేం లేదు, నీ భ్రమ అనేవారు.

బట్టీల గది దగ్గర మాత్రం ఆగాలి. రాగి బట్టీలు రెండే. ఒకటి ఊట కాయడానికి, రెండోది దాన్ని మళ్ళీ కాయడానికి. 1971 దాకా వాటి కింద నిప్పే ఉండేది. ఆ తర్వాత ఆవిరి గొట్టాలు పెట్టారు. బట్టీ మెడలోంచి వచ్చిన ఆవిరి, బయట చన్నీళ్ళ తొట్టిలో మునిగి ఉన్న పొడవాటి రాగి చుట్టగొట్టంలోంచి దిగుతూ చల్లబడి ద్రవమవుతుంది. పైన లావుగా మొదలై కిందికి వచ్చేకొద్దీ సన్నబడే గొట్టం అది. ఇప్పుడు చాలాచోట్ల వీటి బదులు కొత్త రకం కండెన్సర్లు వచ్చేశాయి. నాన్నగారు తొట్టి అంచు పట్టుకుని వంగి, అతుకు ఎక్కడుందో వెతికారు. "గొట్టం ఇలా సన్నబడేలా వంచడం మామూలు విషయం కాదమ్మా. రాగి వంగేటప్పుడు లోపలివైపు ముడతలు పడిపోతుంది. వీళ్ళు ముడత పడనివ్వలేదు." ఆ పని చేసినవాడి పేరు అక్కడ ఎక్కడా లేదని ఆయన బాధ.

అదే గదిలో ఇత్తడి చట్రంతో, అద్దాలతో ఒక పెట్టె ఉంటుంది. స్పిరిట్ సేఫ్ అంటారు. కాచినదంతా ఆ పెట్టెలోంచే పారుతుంది. మొదట వచ్చేదీ చివర వచ్చేదీ పనికిరావు, మళ్ళీ కాయాలి. మధ్యలో వచ్చే డెబ్భై శాతం ఘాటున్న స్పిరిటే పీపాకి వెళ్తుంది. ఎక్కడ మొదలు అయిపోయింది, ఎక్కడ మధ్యభాగం ముగిసింది అన్నది బట్టీ మనిషి అద్దంలోంచి చూసి, కొలిచి, బయటి నుంచి పిడి తిప్పి నిర్ణయించాలి. చెయ్యి మాత్రం లోపల పెట్టలేడు. పెట్టెకి తాళాలు. తాళంచెవి ఎక్సైజ్ అధికారి దగ్గర ఉండేది. గోడౌనుకైతే రెండు తాళాలు, ఒకటి కంపెనీది, ఒకటి ప్రభుత్వానిది. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకునేది. ప్రతి చుక్కకీ పన్ను కాబట్టి ఆ అధికారికి డిస్టిలరీ దగ్గరే ఇల్లు ఇచ్చేవారు. 1980ల దాకా ఆ పద్ధతి నడిచింది.

మా వీధి చివర ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవారు. ఆ చుట్టుపక్కల డిస్టిలరీల్లోనే బతుకంతా పనిచేశారు. ఒక భుజం రెండో దానికంటే కిందికి వాలి ఉండేది. పారతో మాల్టు తిరగేసినవాళ్ళకి వచ్చే జబ్బు అది, దానికి మంకీ షోల్డర్ అనే పేరే ఉంది. మా నాన్నగారు వచ్చారని తెలిసి టీకి పిలిచారు. ఇద్దరికీ మధ్యలో నేను తర్జుమా. ఆయన మాట్లాడే ఆ ఊరి యాస నాకే సగం అర్థమయ్యేది కాదు, అయినా ఆ సాయంత్రం వాళ్ళకి నా అవసరం పెద్దగా పడలేదు. పనివాళ్ళకి షిఫ్టు మొదట్లో, చివర్లో కంపెనీ వాళ్ళే చిన్న కొమ్ముగ్లాసుతో కొత్త స్పిరిట్ పోసేవారట. కష్టమైన పని చేస్తే ఇంకోటి. 1970ల్లో కార్మిక భద్రతా చట్టాలు వచ్చాక అది ఆగిపోయింది. మరి తాళాలూ సీళ్ళూ ఉండగా ఇంటికి ఎలా వెళ్ళేది అని అడిగితే నవ్వి, పంట్లాం లోపలివైపు చూపించారు. సన్నటి రాగి గొట్టం, ఒక చివర పైసా బిళ్ళతో మూసి, రెండో చివర బిరడా పెట్టి, దారంతో నడుముకి వేలాడదీసుకునేవారట. దాన్ని కుక్క అని పిలిచేవారు, యజమానిని వదలదు కాబట్టి. నాన్నగారు ఆ గొట్టం సైజు చేత్తో చూపించమని అడిగి మరీ తెలుసుకున్నారు.

మా అమ్మ సంగతి వేరు. మొదటిసారి లోపలికే రాలేదు. "సారా కాసే చోటు చూడ్డానికి టిక్కెట్టు కొనాలా" అని బయట బల్ల మీద ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. ఆమెకి ఊట అనే మాట వింటేనే కోపం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు మా ఊళ్ళోనూ ఆడవాళ్ళు సారా కొట్టు ముందు కూర్చున్నారు. అమ్మ చంటిపిల్లని ఎత్తుకుని వెళ్ళింది. 1993లో సారా ఆపేశారని రేడియోలో విన్న రోజు గుడిలో కొబ్బరికాయ కొట్టింది. అలాంటి మనిషిని విస్కీ మ్యూజియం దగ్గర దింపడం తేలికైన పని కాదు. మరోసారి వెళ్ళినప్పుడు ఎండ బాగుండి, నాన్నగారు బతిమాలి, లోపలికి వచ్చింది. అన్నీ చూసి, బట్టీల గదిలో నన్ను పక్కకి పిలిచి, "ఏమే, ఇన్ని బోర్డులు రాశారు. ఇది తాగి వచ్చిన మొగుడి ఇల్లు ఎలా ఉండేదో ఒక్క బోర్డైనా లేదేం?" అంది. నాకూ కనపడలేదు. ఆ మాట తర్వాత నేను ఆ గదుల్ని చూసే తీరు మారింది. పారలూ పీపాలూ తాళాలూ చూస్తున్నప్పుడు, నెల జీతం కోసం ఆ గేటు వైపు చూస్తూ ఉండిన ఇళ్ళు కూడా గుర్తొచ్చేవి. డాలస్ దూ అంటే ప్రేమ తగ్గలేదు. కానీ అమ్మ ప్రశ్న న్యాయమైంది, ఆ చోటు గురించి రాస్తూ దాన్ని వదిలేయలేను.

మూతపడటం ఎందుకంటే, ఒక్క మాటలో అతిగా కాయడం వల్ల. విస్కీ అని పేరు పెట్టాలంటే చట్టప్రకారం కనీసం మూడేళ్ళు పీపాలో ఉండాలి, మంచిదనిపించుకోవాలంటే పది, పన్నెండేళ్ళు. అంటే ఇవాళ కాసేది పదేళ్ళ తర్వాతి గిరాకీని ఊహించి కాయాలి. 1970ల్లో ఊహ ఎక్కువైంది. చమురు ధరల దెబ్బ, మాంద్యం, కుర్రకారు వోడ్కా వైపు పోవడం, అన్నీ కలిసి గోడౌన్లలో విస్కీ పేరుకుపోయింది. 1983లో డీసీఎల్ తనకున్న 45 డిస్టిలరీల్లో 11 మూసేసింది. బ్రోరా, పోర్ట్ ఎలెన్, సెయింట్ మాగ్డలీన్, బాన్ఫ్, గ్లెన్ ఆల్బిన్, గ్లెన్ మోర్... ఆ జాబితాలో డాలస్ దూ ఒకటి. రెండు బట్టీల చిన్న ఫ్యాక్టరీ. పైగా దానికి రైలు కూడా పోయింది. గ్రాంటౌన్ వైపు వెళ్ళే పాత లైను డిస్టిలరీ పక్కనుంచే పోయేది, దాన్ని 1965లోనే ఎత్తేశారు. ఇప్పుడది డావా వే అనే కాలిబాట. మేం కారు ఫారెస్‌లో వదిలేసి ఆ బాటనే నడిచి వెళ్ళేవాళ్ళం. పట్టాలు లేవు, రాతి వంతెనలు మాత్రం ఉన్నాయి.

అదే జాబితాలో బెన్‌రోమాక్ కూడా ఉంది. దాన్ని తల్చుకున్నప్పుడల్లా నాకు డాలస్ దూ గురించి మనసు రెండు విధాలుగా పోతుంది. అదీ ఫారెస్‌దే. అదీ 1898లో తలపెట్టిందే. దాని వెనకా అలెగ్జాండర్ ఎడ్వర్డ్, దాని ప్లానూ డోయిగ్‌దే. 1983లో అదీ మూసేశారు. తర్వాత లోపలి సామానంతా పీకేశారు. 1993లో ఎల్గిన్‌కి చెందిన గోర్డన్ అండ్ మక్‌ఫెయిల్ కొన్నారు. 1895లో కిరాణా కొట్టుగా మొదలైన కుటుంబ వ్యాపారం వాళ్ళది. మేం నెల సామాన్లకి వెళ్ళినప్పుడు ఎల్గిన్ సౌత్ స్ట్రీట్‌లో వాళ్ళ కొట్టు ముందునుంచే వెళ్ళేవాళ్ళం. ఖాళీ గోడల మధ్య కొత్త బట్టీలు, కొత్త తొట్లు పెట్టి 1998లో, నూరేళ్ళకి, ప్రిన్స్ చార్లెస్ చేత తెరిపించారు. ఇప్పుడు అక్కడ పొగ వస్తుంది, మాల్టు ఉడికే వాసన వస్తుంది, కుర్రాళ్ళకి ఉద్యోగాలున్నాయి. డాలస్ దూలో పాత సామానంతా ఉంది, పని లేదు. బెన్‌రోమాక్‌లో పని ఉంది, పాత సామాను లేదు. రెండిట్లో ఏది మేలు అని కారులో మా ఇంట్లోవాళ్ళు వాదించుకోని ఆదివారం లేదు.

నాన్నగారి మిల్లు సంగతి అప్పుడే వచ్చేది. ఆయన రిటైరైన కొన్నాళ్ళకి అది మూతపడింది. బాయిలరు, షాఫ్టు, ఎలివేటర్లు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. చిమ్నీ కూల్చారు. ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాలు ఉంది. మా చిన్నాన్న కూతురి పెళ్ళి అందులోనే అయింది. భోజనాల హాలులో నాన్నగారు ఒక స్తంభం దగ్గర నిలబడి, "సరిగ్గా ఇక్కడే ఫైర్‌బాక్స్" అని నాకు చూపించారు. ఆయన ముప్పై ఏళ్ళు ఊక ఎగదోసిన చోటికి గుర్తుగా ఏమీ మిగల్లేదు. అందుకే డాలస్ దూలో ప్రతి పుల్లీని, ప్రతి వాల్వుని అక్కడే ఉంచినవాళ్ళంటే ఆయనకి గౌరవం. సందర్శకుల పుస్తకంలో ఏదైనా రాయండి నాన్నగారూ అంటే, తెలుగులో ఇలా రాశారు: "మిషన్లు బాగా ఉంచారు. నూనె వేస్తూ ఉండండి." కింద సంతకం, ఊరి పేరు, జిల్లా పేరు.

చూసిన తర్వాత చివర్లో ఒక చిన్న గ్లాసులో రోడరిక్ దూ బ్లెండు ఇచ్చేవారు. మేం ముగ్గురం వద్దనేవాళ్ళం. కౌంటరు దగ్గరి ఆవిడ, పాపం, మాకు జ్యూసు పోసేది. అక్కడ నిజంగా కాచిన డాలస్ దూ మాల్టు ఇంకా పాత సీసాల్లో దొరుకుతుంది, వందల పౌండ్లు. విస్కీ ఏడాదికి రెండు శాతం చొప్పున పీపాలోంచి గాలిలోకి పోతుంది కదా, దేవతల వాటా అంటారు దాన్ని. ఆ ఆవిరి తగిలిన గోడల మీద, చెట్ల మీద నల్లటి బూజు పడుతుంది. ఏ డిస్టిలరీ గోడౌన్ల చుట్టూ చూసినా ఆ మసి కనపడుతుంది. మా వీధి పెద్దాయన చెప్పాకే నాకు అది పొగ మసి కాదని తెలిసింది.

మేం ఇప్పుడు స్కాట్లాండ్‌లో లేం. డాలస్ దూలో మళ్ళీ విస్కీ కాయాలని ప్రయత్నాలు మొదలయ్యాయన్న వార్త విని నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన సంతోషించాక మొదట అడిగింది, చుట్టగొట్టాలు అవే ఉంచుతారా, మారుస్తారా అని. రెండోది, మొలక నేల మీద మళ్ళీ బార్లీ పరుస్తారా అని. నాకు ఆ రెంటికీ జవాబు కావాలి. నా మటుకు నాకు, మళ్ళీ కాయాలనే ఉంది. పాత బట్టీలే వాడాలని ఉంది. రాగి అరిగిపోయి కొత్తవి పెట్టక తప్పదంటే, పాతవాటిని తూకానికి వెయ్యకుండా పక్కనే నిలబెట్టాలని ఉంది. ఎక్సైజ్ పెట్టె, ఆ పారలు ఎక్కడివక్కడే ఉండాలి.

నేను ఇదంతా చెబుతుంటే వెనక నుంచి అమ్మ గొంతు: "ఈసారన్నా ఆ బోర్డు రాయించమను." నాన్నగారు ఫోన్ ఆమెకి ఇచ్చేశారు. అది తెరిచాక ముగ్గురం కలిసి వెళ్దామంటే వస్తానంది. ఇంగ్లీషులో ఏం రాయాలో ముందుగా నేను చెప్పాలట, సందర్శకుల పుస్తకంలో ఈసారి తనే రాస్తుందట.